వరుస తప్పని రోజు

మీ పిల్లాడికి తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి. మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. చేతులు ఊపుకుంటూ ఒకేచోట గంటలకొద్దీ తిరుగుతాడు. దానికి తోడు ఫిట్స్. పెద్ద డాక్టరుకు చూపించాలంటే అరకు నుంచి విశాఖ కేజీహెచ్‌కు 115 కిలోమీటర్ల దాకా ప్రయాణం, అందులో సగం ఘాట్ రోడ్డు. మీది రోడ్డు లేని ఊరైతే ముందు రోడ్డెక్కడానికే ఒక పూట. ఇంట్లో పశువులున్నాయి, పొలముంది, కాఫీ పళ్ల కోతలున్నాయి, మరో ఇద్దరు పిల్లలున్నారు. వీటన్నిటి మధ్య ఈ బిడ్డను ఎలా సాకాలి?

ఆటిజం ఎందుకొస్తుంది, మూర్ఛ ఎందుకొస్తుంది అనే చర్చ ఇక్కడ పెట్టను. మీ తప్పు వల్ల రాలేదు, ఎవరి కన్నూ సోకి రాలేదు. ఆ సంగతి గట్టిగా నమ్మి ముందుకు రండి. రేపు తెల్లవారాక ఏం చేయాలో చూద్దాం.

మొదట ఒక మాట. తర్వాత ఏం జరగబోతోందో తెలియకపోతే ఆటిజం ఉన్న బిడ్డ భయపడతాడు. మాత్ర తప్పినా, నిద్ర చెడినా మూర్ఛ ఉన్న బిడ్డకు ఫిట్స్ పెరుగుతాయి. ఈ రెండింటికీ ఇంట్లో చేయగలిగిన పని ఒకటే: రోజు వరుస మారకుండా చూసుకోవడం. గోడ గడియారం లేకపోయినా ఫర్వాలేదు. ఒక పని తర్వాత మరో పని, నిన్న జరిగినట్టే ఇవాళ కూడా జరగాలి.

1. దండెం మీద రోజును వేలాడదీయండి

మాట అర్థం కాని బిడ్డకు వస్తువు అర్థమవుతుంది. ఇంట్లో బట్టలు ఆరేసే దండెం లాంటిదే ఒక చిన్న తాడు, పిల్లాడి ఎత్తుకు అందేలా కట్టండి. దానికి ఎడమ నుంచి కుడికి వరుసగా వస్తువులు తగిలించండి: పళ్లు తోముకునే బ్రష్షు, అంబలి తాగే గ్లాసు, స్నానం మగ్గు, బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకునే టోపీ, అన్నం తినే చిన్న కంచం, చివర పడుకునే దుప్పటి ముక్క. ఒక్కో పనికి ముందు ఆ వస్తువు తీసి చేతికివ్వండి, ఒక్క మాట చెప్పండి. ‘అంబలి’. అంతే. పని అయ్యాక ఆ వస్తువును కింద బుట్టలో వేయించండి.

వారంలో మార్పు కనబడకపోతే వదిలేయకండి. కొందరు పిల్లలకు ఇది అలవాటు కావడానికి నెలలు పడుతుంది. అలవాటయ్యాక మాత్రం, స్నానమంటే ఊరంతా వినబడేలా ఏడ్చే బిడ్డ మగ్గు చూసి తనంతట తాను లేచి రావచ్చు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఎక్కువ మాట్లాడటం. ‘రారా నాన్నా, నీళ్లు చల్లారిపోతున్నాయి, త్వరగా రా, మళ్లీ నేను పొలానికెళ్లాలి’ అంటే వాడికి అది వట్టి చప్పుడు. మరో పొరపాటు, ఇంటి భాష మానేసి వచ్చీరాని తెలుగులో మాట్లాడటం. మీరు ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారా? కువి మాట్లాడతారా? బిడ్డతో అదే మాట్లాడండి. రెండు భాషల వల్ల ఆటిజం పెరగదు. అమ్మ నోట సహజంగా వచ్చే మాటే వాడికి ముందు అందుతుంది.

2. మాత్ర పొద్దున అంబలితో, రాత్రి అన్నంతో

చాలా మూర్ఛ మందులు రోజుకు రెండు పూటలు, సుమారు పన్నెండు గంటల తేడాతో వేయాలి. ఆ రెండు వేళలను ఎప్పుడూ తప్పని పనులకు కట్టేయండి. చోడి అంబలి తాగించకుండా మీరు పొద్దున పనికి వెళ్లరు కదా? ఆ గ్లాసు ఇచ్చే ముందే మాత్ర. రాత్రి అన్నం కలిపే ముందే మాత్ర.

మాత్ర మింగకపోతే నూరి ఇవ్వొచ్చా? అన్నీ నూరకూడదు. సోడియం వాల్‌ప్రోయేట్‌లోనే నెమ్మదిగా కరిగే రకం ఒకటుంటుంది, షీటు మీద ‘క్రోనో’ అనో ‘సీఆర్’ అనో రాసి ఉంటుంది. దాన్ని నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. మింగలేని బిడ్డ అని డాక్టరుకు చెబితే సిరప్ రాస్తారు. సిరప్ సీసాను ప్రతిసారీ బాగా కుదపండి, కొలత గ్లాసుతోనే పోయండి, వంటింటి చెంచాతో వద్దు.

ఒక పూట మరిచిపోయారా? గుర్తొచ్చిన వెంటనే వేయండి. తర్వాతి మోతాదు వేళ దగ్గరపడితే రెండూ కలిపి మాత్రం వేయకండి. మందు వేసిన కాసేపటికే కక్కేస్తే మళ్లీ వేయాలా వద్దా అన్నది మీ మందును బట్టి ఉంటుంది. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు అడిగి చీటీ మీద రాయించుకోండి.

ఇక నిల్వ సంగతి. కొండ మీద ఇల్లున్నవారికి ఇది ప్రాణం మీద మాట. వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు విరిగిపడితే బస్సులు ఆగిపోతాయి, గెడ్డలు పొంగితే సంతకు కూడా పోలేరు. అందుకని వానలకు ముందే ఒక నెల మాత్రలు అదనంగా ఇంట్లో ఉండేలా చూసుకోండి. మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా, తేమ తగలని చోట, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. ఫిట్స్ రావడం లేదు కదా అని సొంతంగా మందు ఆపేయడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. తగ్గించాలన్నా డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం, మెల్లగా.

3. ఫిట్స్ వచ్చిన ఆ ఐదు నిమిషాలు

ఇలా అనుకుందాం. మీరు కాఫీ తోటలో ఉన్నారు. ఇంటి దగ్గర నానమ్మ ఉంది. పిల్లాడు పడిపోయి కొట్టుకుంటున్నాడు. పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఒకరు తాళాల గుత్తి చేతిలో పెట్టమంటారు, ఒకరు ఉల్లిపాయ వాసన చూపించమంటారు, ఇంకొకరు పళ్ల మధ్య చెంచా పెట్టబోతారు. వాళ్లంతా మీ మేలు కోరేవాళ్లే. కానీ వీటిలో ఏదీ ఫిట్స్‌ను ఆపదు. చెంచా పెడితే పళ్లు విరుగుతాయి, నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నానమ్మకు, పక్కింటి వదినకు, బడికి వెళ్లే పిల్లలకు ముందే నేర్పండి. మాటల్తో చెప్పి వదలొద్దు. చాప మీద ఒక పిల్లాడిని పడుకోబెట్టి చేసి చూపించండి:

పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తల కింద మడిచిన తువ్వాలు. మెడ దగ్గర బొత్తాం ఊడదీయాలి. దగ్గర్లో పొయ్యి, రాయి, కత్తి ఉంటే జరపాలి. కాళ్లూ చేతులూ గట్టిగా పట్టుకోకూడదు. నోట్లో ఏమీ పెట్టకూడదు. ఫోన్లో టైము చూడాలి. పూర్తిగా మెలకువ వచ్చేదాకా నీళ్లు కూడా పోయకూడదు. ఆగాక నిద్రపోతే అలాగే పక్కకు తిప్పి పడుకోనిచ్చి, శ్వాస చూస్తూ దగ్గర కూర్చోవాలి.

ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి మొదలైనా, నీళ్లలో పడినా, తలకు దెబ్బ తగిలినా, ఊపిరి సరిగా ఆడకపోయినా 108కి ఫోన్ చేయాలి. ఎప్పుడూ వచ్చే ఫిట్స్‌లా లేకపోయినా అంతే. మీ ఊరికి అంబులెన్స్ రావడానికి గంట పడుతుందని మీకు తెలుసు. కాబట్టి డాక్టరును ఇలా అడగండి: ‘మా ఊరు దూరం, ఇంట్లోనే వాడటానికి మిడజోలమ్ ముక్కు స్ప్రే రాస్తారా?’ రాస్తే, ఎన్నో నిమిషానికి, ఎన్నిసార్లు కొట్టాలో అక్కడే చేసి చూపించమనండి. డోలీలో మోయాల్సి వస్తే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టకండి. పక్కకు తిప్పి, వెనక దుప్పటి చుట్ట పెట్టి కట్టండి. ఒక మనిషి నోరు, శ్వాస గమనిస్తూ పక్కనే నడవాలి.

మరో చిక్కు. అది ఫిట్సా, ఆటిజం వల్ల చేసే చేష్టా? చేతులు ఊపుకుంటున్న బిడ్డను మెల్లగా తాకి, ఇష్టమైనది చూపిస్తే చాలాసార్లు ఆగుతాడు. ఫిట్స్ మీరు తాకితే ఆగవు. శూన్యంలోకి చూస్తూ, తాకినా కదలకుండా, పెదాలు చప్పరిస్తూ కొన్ని సెకన్లు ఉండిపోతే అది కూడా ఒక రకం మూర్ఛ కావచ్చు. తేల్చుకోలేకపోతే ఫోన్లో వీడియో తీయండి. మీరు అరగంట వివరించినా తెలియనిది ఒక నిమిషం వీడియోతో డాక్టరుకు తెలుస్తుంది. ఫిట్స్ వచ్చిన ప్రతి రోజూ గోడ క్యాలెండర్ మీద ఆ తేదీకి చుట్టూ గీత గీయండి. నిద్ర చెడిందా, జ్వరముందా, మాత్ర తప్పిందా అన్నది పక్కనే ఒక్క మాట రాయండి. రాయడం రాకపోతే గుర్తులు చాలు.

4. జ్వరమొస్తే ఆ రోజే రక్తపరీక్ష

మన ఏజెన్సీలో జ్వరాన్ని మామూలు జ్వరమనుకోవడానికి లేదు. మలేరియా మెదడుకెక్కితే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకే ఫిట్స్ వస్తాయి. ముందే మూర్ఛ ఉన్న బిడ్డ సంగతి చెప్పనక్కర్లేదు. ఆశా కార్యకర్త దగ్గర ఆ రోజే పరీక్ష చేయించండి. ఏ మందు ఇచ్చినా ముందు ‘వీడికి ఫిట్స్ ఉన్నాయి, ఈ మాత్రలు వాడుతున్నాడు’ అని చెప్పి షీటు చూపించండి. క్లోరోక్విన్ లాంటి కొన్ని మందుల విషయంలో మూర్ఛ ఉన్నవారికి జాగ్రత్త అవసరం. అది చూసుకోవడం వైద్యుల పని, ముందుగా చెప్పడం మీ పని.

5. నిప్పు, నీళ్లు, చలికాలపు నెగడు

డిసెంబరు, జనవరి నెలల్లో చింతపల్లి, లంబసింగి, అరకు చలి మీకు చెప్పాలా? ఇంటిల్లిపాదీ నెగడు చుట్టూ చేరతారు. ఫిట్స్ ఉన్న బిడ్డ నెగడు ముందు కూర్చుని ముందుకు పడితే రెప్పపాటులో జరగరానిది జరుగుతుంది. వాడిని ఒక పెద్ద మనిషి కాళ్ల మధ్య కూర్చోబెట్టుకోవాలి, లేదా నెగడుకు నిలువెత్తు దూరంలో దుప్పటి కప్పి కూర్చోబెట్టాలి. నేల మీది పొయ్యికి మూడు వైపులా నడుమెత్తు మట్టిగోడ కట్టండి, లేదా వెదురు తడిక అడ్డుపెట్టండి. తడిక మంటకు అందనంత దూరంలో ఉండాలి. పొయ్యి మీది గిన్నె కాడలు లోపలి వైపుకు తిప్పండి. స్నానానికి వేడినీళ్ల బకెట్ ముందు పెట్టి చన్నీళ్లు తేవడానికి వెళ్లకండి. ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు. కూర్చోబెట్టి, మగ్గుతో, మీ చేతుల మీదుగా పోయండి. స్నానాల గది ఉంటే లోపలి గడియ తీసేయండి.

నీళ్లంటే ఈ పిల్లల్లో చాలామందికి విపరీతమైన ఇష్టం. కళ్లు మూసి తెరిచేలోగా గెడ్డ దగ్గర ఉంటారు. ఇంటి తలుపుకు పశువుల మెడలో కట్టే గంట ఒకటి కట్టండి, తలుపు కదిలితే తెలుస్తుంది. పిల్లాడి కాలికి మువ్వలు కట్టినా మంచిదే. ఊళ్లో నలుగురికి చెప్పి ఉంచండి: ‘మా గుంటడు కనబడకపోతే ముందు గెడ్డ దగ్గర, నుయ్యి దగ్గర చూడండి.’ ఇంట్లో వెతకడానికి పోయే పది నిమిషాలు అక్కడ ప్రాణం తీస్తాయి.

6. ఉన్నట్టుండి కొరికితే, తల బాదుకుంటే

‘మొండితనం’ అనకండి. ముందు నొప్పి వెతకండి. మాట లేని బిడ్డ పంటి నొప్పిని ఎలా చెబుతాడు? చెవిలో పుండుందా, నాలుగు రోజులుగా విరేచనం కాలేదా, చెప్పు కరిచిందా, ఆడపిల్లయితే నెలసరి దగ్గరపడిందా, చూడండి. ఈమధ్య మందు మార్చారా అన్నది కూడా చూడండి. లెవెటిరాసిటమ్, ఫినోబార్బిటోన్ లాంటి మందులు కొందరు పిల్లల్లో చిరాకు, కోపం పెంచుతాయి. అలాగని ఆపకూడదు, డాక్టరుకు చెప్పాలి.

నొప్పి ఏదీ లేదనుకోండి. అప్పుడు చప్పుడు వైపు చూడండి. డప్పు, తుడుము, మైకులు, సంతలో జనం. శుక్రవారం అరకు సంతకు తీసుకెళ్తే రద్దీ లేని వేళ తీసుకెళ్లండి, ఏడవకముందే వెనక్కి తిప్పండి. ఇటుకల పండగకో, మోదకొండమ్మ జాతరకో వెళ్తే పావుగంట చాలు, తర్వాత దూరంగా చెట్టు కింద ఎవరో ఒకరు తోడుంటే మిగతావాళ్లు చూసి వస్తారు. పండగ రాత్రి జాగారం వాడికి వద్దు, నిద్ర చెడితే మర్నాడే ఫిట్స్ రావచ్చు. ముద్దుకైనా సరే, జీలుగు కల్లు చుక్క కూడా పోయకండి.

7. గురువు దగ్గరికి వెళ్లాలనుకుంటే

వెళ్లొద్దని అనను. మీ పెద్దలు నమ్మిన దారిని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. పూజ చేయించండి, తాయెత్తు కట్టించండి. కానీ గురువుకు ముందే నాలుగు మాటలు చెప్పండి: మాత్ర ఆపేది లేదు, ఉపవాసం ఉంచేది లేదు, రాత్రంతా మేలుకోబెట్టేది లేదు, వాతలు పెట్టనిచ్చేది లేదు. ఆ నాలుగూ ఒప్పుకుంటేనే పూజ. పసరు తాగించమంటే కూడా వద్దనండి, అందులో ఏముందో తెలియనప్పుడు అది మూర్ఛ మందుతో పడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. మీరు గట్టిగా నిలబడితే చాలామంది పెద్దలు వింటారు.

8. కాగితాలు

వికలాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది, మేధో వైకల్యం ఉంది. మూర్ఛ పేరు విడిగా లేదు. అందుకే వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి వెళ్లి ‘ఫిట్స్ ఉన్నాయండీ’ అని ఊరుకుంటే పని కాదు. ‘ఆటిజం, మాట రాదు, తన పనులు తాను చేసుకోలేడు’ అని ముందుగా చెప్పండి, పాత చీటీలన్నీ చూపించండి. గ్రామ సచివాలయంలో స్లాటు బుక్ చేయిస్తారు. 40 శాతం, ఆపైన వైకల్యమని సర్టిఫికెట్ వస్తే పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. రైల్లో విశాఖకు వెళ్లేటప్పుడు మేధో వైకల్యమున్న బిడ్డకూ, తోడు వెళ్లేవారికీ ఛార్జీలో రాయితీ ఉంది. రైలైతే శివలింగపురం, బొర్రా మధ్య సొరంగం వెంట సొరంగం వస్తుంది. చీకటికీ చప్పుడుకీ బెదిరే బిడ్డకు చెవులు కప్పే టోపీ, ఇష్టమైన వస్తువు ఒకటి చేతిలో పెట్టండి.

6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య ఈ పిల్లలకు చట్టం ఇచ్చిన హక్కు. మండలంలో ఇలాంటి పిల్లలకు నేర్పే భవిత కేంద్రం ఉందా, ఇంటికి వచ్చి నేర్పే టీచరున్నారా అని మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగండి. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ 1984 నుంచి ఇలాంటి పిల్లల కోసం పనిచేస్తోంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయి.

9. ఒక్కరే మోయకండి

ఇది చివర పెట్టాను కానీ చిన్న విషయమని కాదు. కాఫీ కోతల కాలం వస్తుంది. అమ్మ తెల్లవారకముందే తోటకు పోవాలి. అప్పుడు ఎవరు చూస్తారు? చాలా ఇళ్లలో జవాబు ఒకటే: ‘అప్ప ఉంది కదా.’ పన్నెండేళ్ల అక్క బడి మానేసి తమ్ముడికి కాపలా కూర్చుంటుంది. ఇది తప్పు. ఎంత కష్టమొచ్చినా ఇది చేయకండి. ఆ అమ్మాయి సాయం చేయొచ్చు, బడి నుంచి వచ్చాక ఆడించొచ్చు. ఆమె చదువును పణంగా పెట్టి ఇల్లు నడపకూడదు.

మరి ఎవరు? ముందు అయ్య. రాత్రి మాత్ర అయ్య బాధ్యత అని పెట్టండి, తప్పకుండా ఆయన చేతే వేయించండి. మొదట్లో ఆయన ‘నాకు తెలీదు, నువ్వే వెయ్యి’ అంటారు. వెయ్యకండి, పక్కన నిలబడి చూపించండి. పింఛను డబ్బులో కొంత తీసి, కోతల నెలల్లో పగటిపూట చూసుకునే వదినకో అవ్వకో ఇవ్వండి. బంధువు చేతిలో డబ్బు పెట్టడం మొహమాటంగా ఉంటుంది, నిజమే. కానీ ఊరికే చేయించుకునే సాయం రెండు వారాల్లో ఆగిపోతుంది.

అమ్మా, మీ సంగతి? రాత్రుళ్లు నిద్ర లేదు. ఎవరింటికీ పోలేరు. ఒక్కోసారి బిడ్డ మీద చెయ్యి లేస్తుంది, తర్వాత మీరే ఏడుస్తారు. ఇలాంటి బిడ్డను సాకే తల్లులు చాలామందికి ఇలాగే ఉంటుంది. వారంలో ఒక్క రాత్రి ఆయనో, అత్తగారో బిడ్డ పక్కన పడుకోవాలి, మీరు వేరే గదిలో నిద్రపోవాలి. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు పడదు, ఏ వేళకైనా మాట్లాడతారు.

ఇన్ని ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం రెండే పనులు: మాత్రల డబ్బా తెరిచి ఎన్ని రోజులకు సరిపోతాయో లెక్కపెట్టండి, పదిహేను రోజుల కంటే తక్కువుంటే వచ్చే సంతకు ముందే తెప్పించండి. ఇంటికి తరచూ వచ్చేవాళ్లందరినీ ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు ఎలా తిప్పాలో వాళ్ల చేతే చేయించండి.